‘కల్కి 2898 ఏ.డి.’ – అద్భుతమూ, శ్రమా

2024 జూన్ 27వ తేదీన విడుదలైన ‘కల్కి 2898 ఏ.డి.’ తెలుగువారు తీసిన వైజ్ఞానిక కల్పనాచిత్రాలన్నింటిలోకి ఎక్కువ ధనం వెచ్చించి తీసినది. వైజయంతీ మూవీస్ సంస్థకు 50 సంవత్సరాలు నిండిన ఏడాదిలో, చలసాని అశ్వనీదత్ నిర్మాతగా, నాగ్ అశ్విన్ దర్శకత్వంలో వచ్చిన ఈ చిత్రానికి 600 కోట్ల రూపాయలు ఖర్చయినవని ప్రచారమైంది. వసూళ్లు వెయ్యి కోట్లను దాటినవని కూడా చెప్పుకొన్నారు. 2025లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన గద్దర్ పురస్కారాలలో 2024 సంవత్సరపు ఉత్తమ చిత్రంగా దీనినే ఎన్నుకొన్నారు. ఇన్ని విధాల సఫలమైన చిత్రాన్ని నిరాశ కలిగించినదని అనవలసి వచ్చినప్పుడు, ఆ నిరాశ ఎక్కడ పుట్టినదో చెప్పవలసిన బాధ్యత విమర్శకునిపై ఉంటుంది. డబ్బు రాలేదన్న నిరాశ వ్యాపారస్థులది; దానితో సాహిత్యానికి పని లేదు. చేతికందిన గొప్ప కథావస్తువు చేజారిపోయినదన్న బాధ మాత్రం సాహిత్యపరులది.

కథ స్థూలంగా ఇది. కురుక్షేత్ర సంగ్రామం ముగిసిన పిదప ఉత్తర గర్భంపై అస్త్రం ప్రయోగించిన అశ్వత్థామను శ్రీకృష్ణుడు శపిస్తాడు. ఆరువేల సంవత్సరాలు గడుస్తాయి. గంగ ఎండిపోయి, భూమి ఎడారియై, కాశి ఒక్కటే కడపటి నగరంగా మిగులుతుంది. ఆ నగరంపైన తలక్రిందులుగా వేలాడే పిరమిడ్ ఆకారంలో కాంప్లెక్స్ అనే లోకం ఉన్నది. నీరు, పచ్చదనం, మంచి ఆహారం, స్వచ్ఛమైన గాలి అన్నీ అక్కడే. దానిని ఏలేవాడు సుప్రీం యాస్కిన్. అతని శరీరం కృశించిపోయినది. దానికి తిరిగి ప్రాణం పోయడానికి ‘ప్రాజెక్ట్ కె’ అనే ప్రయోగశాలలో స్త్రీలకు కృత్రిమంగా గర్భం కలిగించి, ఆ గర్భాలనుండి ఒక ద్రవ్యాన్ని తీస్తూ ఉంటారు. సుమతి అనే యువతి గర్భం ఆ ప్రయోగంలో చెడక నిలుస్తుంది. ఆమె తప్పించుకొని శంభల అనే రహస్య నగరానికి చేరుతుంది. అశ్వత్థామ ఆమెకు కాపలా. కాంప్లెక్స్‌లో ప్రవేశం సంపాదించడానికి పది లక్షల యూనిట్లు కావలసిన భైరవుడు ఆమెను పట్టి ఇవ్వడానికి వెంటబడతాడు.

ఈ కల్పనలో ఒక ఉత్తమమైన భావన ఉన్నది. దానిని ముందుగా చెప్పకపోవడం అన్యాయమవుతుంది. గర్భస్థశిశువును చంపబోయినవాడే యుగాంతాన మరొక గర్భానికి కావలివాడు కావడం సామాన్యమైన ఊహ కాదు. పాపానికి తగిన ప్రాయశ్చిత్తం ఏమిటన్న ప్రశ్నకు ఇంత సూటియైన రూపం కల్పించిన రచన ఈ మధ్య తెలుగులో అరుదు. ఎనిమిది పదుల వయస్సు దాటిన అమితాబ్ బచ్చన్ ఆ పాత్రకు తన శరీరాన్నీ, కంఠాన్నీ సంపూర్ణంగా అర్పించారు. ఆయన తెరపై ఉన్నంతసేపు కాలం బరువు ప్రేక్షకుని మనస్సుకు తెలుస్తుంది. ఒక విచిత్రం చూడండి. వ్యాసభారతం సౌప్తికపర్వంలో అశ్వత్థామ శాపానికి గడువు మూడువేల సంవత్సరాలే. కురుక్షేత్రానంతరం క్రీస్తుపూర్వం 3102లో కలియుగం ఆరంభమైనదన్న సంప్రదాయ గణనకు ఆరువేలు కలిపి 2898ని సాధించిన చిత్రకర్తలు, శాపం గడువును మాత్రం రెట్టింపు చేశారు. చిరంజీవి అన్న లోకవిశ్వాసం వారికి ఆధారం కావచ్చు. కథకు అవసరమైన మార్పే కనుక దీనిని దోషంగా లెక్కించనక్కరలేదు. సంవత్సరాల లెక్కలో ఇంత శ్రద్ధ చూపినవారు ఆ 2898వ సంవత్సరంలోని మనుష్యుల లెక్క ఎందుకు చూడలేదన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్న హైదరాబాదులోని ప్రేక్షకునికంటె జంషెడ్‌పూర్‌లోని అగ్రికో వాడలో కాపురమున్న తెలుగువానికి ముందుగా తట్టుతుంది. సాక్చీకి తూర్పుగా, సిద్‌గోడా దగ్గర ఉన్న ఈ కార్మికవాడకు పేరు వచ్చినది వ్యవసాయపు పనిముట్ల పరిశ్రమ వలన. టాటా ఉక్కుతో తయారైన పలుగులకూ, పారలకూ, సుత్తులకూ, కొడవళ్లకూ అగ్రికో అన్నది వ్యాపారనామం. ఒక ఊరిపేటకు దేవుని పేరో, రాజు పేరో, దొర పేరో కాక పారమీద కొట్టిన ముద్ర పేరు కావడం దేశంలో తరచు కనిపించేది కాదు. టాటా ఇనుము ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడింది. సువర్ణరేఖా, ఖర్కాయీ నదులు కలిసే చోటికి దగ్గరగా, సాక్చీ గ్రామప్రాంతంలో లేచిన కర్మాగారంలో 1912లో మొదటి ఉక్కు దిమ్మె పోశారు. అటుపిమ్మట శ్రీకాకుళం, విశాఖపట్టణం ప్రాంతాలనుండి తెలుగువారు తరతరాలుగా అక్కడికి చేరారు. బిష్టుపూర్‌లో వారు నిలుపుకొన్న ఆంధ్రభక్త శ్రీరామమందిరం వారి ఉనికికి సాక్ష్యం. యంత్రం అనేది వారికి ఊహ కాదు, దినచర్య. కొలిమి వేడి ఎంతదో, పాళీ మారే వేళ ఏమిటో, చెడిన యంత్రాన్ని బాగుచేయడానికి ఎన్ని చేతులు కావాలో వారికి పుస్తకం చూడకుండానే తెలుసు.

అటువంటి ప్రేక్షకుడు ‘కల్కి’ని చూచేటప్పుడు కొన్ని చిన్న ప్రశ్నలు వేసుకొంటాడు. కాశిలోని జనం ఏమి చేసి బ్రతుకుతున్నారు? వారు వాడే యూనిట్లు ఏ పనికి కూలి? కాంప్లెక్స్‌ను గాలిలో నిలిపే శక్తి ఎక్కడ తయారవుతున్నది, దానిని తయారుచేసేవారెవరు? ఆ మహాసౌధంలో తోటలు పెంచేదెవరు, ఊడ్చేదెవరు, కాలిపోయిన తీగను మార్చేదెవరు? నీరు లేని ఊరిలో ఒక్కడైనా నేల తవ్వి చూడడా? మూడు గంటల నిడివిగల చిత్రంలో ఈ ప్రశ్నలకు సమాధానం లేదు. సమాధానం లేకపోవడం ఒక ఎత్తు. చిత్రకర్తలకు ఈ ప్రశ్నలే తోచినట్లు కనిపించకపోవడం మరొక ఎత్తు. తెరపై వందల యంత్రాలు ఎగురుతాయి, పేలుతాయి, వెలుగులు చిమ్ముతాయి. వాటిలో ఒక్కదానికైనా పుట్టిల్లు లేదు. ఎవరో చేసినట్లు, ఎన్నాళ్లో పట్టినట్లు, ఎవరి వేళ్లో నలిగినట్లు ఆనవాలు లేదు. కాశి వీథులలో పాత సామాను, తుప్పు, దుమ్ము మాత్రం దండిగా కూర్చారు. కళాదర్శకుని కృషి అక్కడ మెచ్చదగినదే. అయితే దుమ్ము పేదరికానికి వేషం అవుతుందే గాని కారణం కాదు.

వైజ్ఞానిక కల్పనకు అద్భుతమే ప్రాణమని, ఇటువంటి సంసారపు లెక్కలు దానికి అడ్డమని కొందరు అనవచ్చు. అద్భుతరసానికి స్థాయి విస్మయం. విస్మయం కలగడానికి లోకసిద్ధమైనది ఒకటి ముందుగా స్థిరపడి ఉండాలి. పాదం నేలమీద ఉన్నదని తెలిసినప్పుడే ఎగరడం ఆశ్చర్యమవుతుంది. అన్నీ ఎగిరే లోకంలో ఏదీ ఎగిరినట్లు ఉండదు. ‘కల్కి’లోని యుద్ధాలు దీర్ఘమై, ఒకదానిపై ఒకటి పడి, చివరకు కంటికి అలసట మాత్రమే మిగిల్చినవన్న ఫిర్యాదుకు మూలం ఇక్కడ ఉన్నది. చిత్రాలలో కొరత లేదు, విభావం స్థిరపడలేదు. దీనికి తోడు ప్రథమార్ధంలో భైరవుని పరిహాసాలు, పరిచిత దర్శకులు రాజమౌళి, రామ్‌గోపాల్ వర్మ వేషాలు వేసుకొని తళుక్కున మెరవడం వంటివి ఉన్నవి. ప్రేక్షకుడు ఈలవేసిన క్షణంలోనే 2898వ సంవత్సరం చెదరిపోతుంది. ఇంతకంటె దానిని గురించి చెప్పవలసినది లేదు.

ఈ చిత్రంలో ఒకే ఒక యంత్రం నమ్మదగినదిగా ఉన్నది. అది భైరవుని బండి బుజ్జి. దానికి కీర్తి సురేశ్ ఇచ్చిన కంఠం చమత్కారంగా ఉండడం ఒక కారణం. అంతకంటె పెద్ద కారణం మరొకటి. ఆ బండిని గణనయంత్రంలో బొమ్మగా గీసి ఊరుకొనలేదు. మహీంద్రా సంస్థ ఇంజనీర్లూ, కోయంబత్తూరులోని జయెం సంస్థవారూ కలిసి ముందు రెండు పెద్ద చక్రాలు, వెనుక గుండ్రని చక్రం ఒకటి అమర్చి, దాదాపు 6 టన్నుల బరువుతో, నిజంగా రోడ్డుమీద నడిచే బండిని తయారుచేశారు. విడుదలకు ముందు దానిని ఊరూరా త్రిప్పారు కూడా. తెరమీద అది మలుపు తిరిగినప్పుడు బరువు వాలడం కనిపిస్తుంది. ఇనుముకు గల ఆ మొండితనాన్ని బొమ్మ అనుకరించలేదు. బుజ్జి కథలోనూ ఇతర యంత్రాలవంటిది కాదు. దానికి ఒక చరిత్ర ఉన్నది, ఒక అసంతృప్తి ఉన్నది, యజమానిపై చిరాకు ఉన్నది. శ్రమ పడి చేసిన వస్తువుకు పాత్రత్వం సిద్ధించడం, శ్రమ లేక పుట్టిన వస్తువులు అలంకారాలుగా మిగలడం కాకతాళీయం కాదు.

పైలోకంలో భోగులు, క్రిందిలోకంలో దీనులు అన్న నిర్మాణం చలనచిత్రానికి కొత్తది కాదు. 1927 జనవరిలో బెర్లిన్‌లో ప్రదర్శితమైన ఫ్రిట్జ్ లాంగ్ చిత్రం ‘మెట్రోపోలిస్’ ఇటువంటిదే. ఆనాటి జర్మనీలో అంతకుముందు ఏ చిత్రానికీ పెట్టనంత ధనం దానికి పెట్టారు. ఊఫా సంస్థ ఆ దెబ్బకు కుంగిపోయింది. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో ‘న్యూయార్క్ టైమ్స్’ పత్రికలో హెచ్.జి. వెల్స్ దానిని నిర్దాక్షిణ్యంగా ఖండించారు. ఆయన ఆక్షేపణలో ముఖ్యమైనది ఆర్థికమైనది. యంత్రం పెరిగేకొద్దీ గొడ్డుచాకిరీ తగ్గాలి గదా, అంతమంది బానిసలతో పని ఏమిటి, తయారైన సరుకు కొనేవారెవరు అని వారి ప్రశ్న. భవిష్యత్తును ఊహించిన తొలి మహారచయితలలో ఒకరు అడిగిన మొదటి ప్రశ్న కూలిని గురించీ, సరుకును గురించీ కావడం గమనింపదగినది.

వెల్స్ విమర్శకు బలం ఉన్నది. ‘మెట్రోపోలిస్’ ముగింపులోని నీతి పసిపిల్లలకు చెప్పే పాఠం వలె ఉంటుంది. అయినా దాదాపు నూరేండ్ల తరువాత కూడా ఆ చిత్రాన్ని మరువనివ్వని దృశ్యం ఏది? గడియారపు ముఖం వంటి పెద్ద చక్రం ముందు నిలిచి, దాని ముళ్లను త్రిప్పుతూ, చేతులు పడిపోయేదాకా పనిచేసే కార్మికుని దృశ్యం. పాళీ మారేవేళ తలలు వంచుకొని సాగే జనుల బారు. లాంగ్ కథ చెడినా ఆయన కన్ను చెడలేదు. యంత్రాన్ని చూపిన ప్రతిచోటా దానికి కట్టుబడిన మనిషిని చూపారు. ‘కల్కి’ దర్శకుడు ‘స్టార్ వార్స్’, ‘మ్యాడ్ మ్యాక్స్’, ‘డ్యూన్’ వంటి చిత్రాలనుండి రూపాలు గ్రహించారని చాలామంది అన్నారు. గ్రహించడం నేరం కాదు. ఆయన ‘మెట్రోపోలిస్’ నుండి కూడా గ్రహించి ఉంటే బాగుండేది.

అయితే ఒకచోట చిత్రం శ్రమను గురించిన సత్యాన్ని తాకింది. అది ప్రాజెక్ట్ కె. అక్కడి స్త్రీలకు పేర్లు లేవు, సంఖ్యలున్నవి. వారి గర్భాలు ముడిసరుకు. ద్రవ్యం తీసిన తరువాత మిగిలిన శరీరంతో ఆ వ్యవస్థకు పని లేదు. మానవదేహమే కర్మాగారమైపోయిన ఈ ఊహ ఈ చిత్రంలోని వైజ్ఞానిక కల్పనలో సారభూతమైనది. విజ్ఞానం ఎంత పెరిగినా ఒకరి ఆయుష్షు మరొకరి ఒంటినుండి పిండుకొనవలసిందేనా అన్న ప్రశ్న, అద్దెగర్భాల వ్యాపారాన్ని నిషేధిస్తూ 2021లో చట్టం చేసుకొన్న దేశంలో, ఎంత తీక్ష్ణంగా అడగవచ్చును! చిత్రకథ ఆ ప్రయోగశాలలోనే నిలిచి ఉంటే, ఆ స్త్రీలలో ఒకరితో ఒకరు మాట్లాడుకొనే మాటలు నాలుగు విననిచ్చి ఉంటే, ఇది మరొక స్థాయి రచన అయ్యేది. తెలుగు రచయితలు ఈ భాగాన్ని మాత్రం మరల మరల చూడవలసి ఉన్నది. ఎంత లోతైన గనిని ఎంత త్వరగా విడిచి పోయారో తెలుస్తుంది.

సుమతి ప్రయోగశాల దాటిన క్షణంనుండి ఆమె వ్యక్తి కావడం మాని భాండం అవుతుంది. ఒకరు ఆమెను తీసుకొనిపోతారు, మరొకరు అడ్డుకొంటారు, ఇంకొకరు మోసుకొస్తారు. ఆమె కోరినదేమి? బలవంతంగా కలిగించిన గర్భంపై ఆమెకు ఏ భావం? భయమా, రోతా, మమకారమా, ఈ మూడూ కలిసినదా? శంభల వారందరూ ఆమెను తల్లి అని మ్రొక్కుతారు గాని ఆమెను అడగరు. మంటల మధ్యనుండి ఆమె నడచివచ్చే దృశ్యం చిత్రానికంతటికీ శిఖరంగా ఉద్దేశించినది. అగ్ని ఆమెను తాకదు. అగ్నికి ఇటువంటి గౌరవస్థానం మన కావ్యాలలో లేకపోలేదు. కాని సీత అగ్నిప్రవేశానికి ముందు మాట్లాడింది. కొలిమిలో ఇనుము కాలితేనే పార అవుతుంది. ఏదీ కాలని అగ్ని కెమెరాకు కాంతి ఇచ్చి ఊరుకొంటుంది. ఇదే దర్శకుడు 2018లో ‘మహానటి’ తీశారు. సావిత్రి జీవితంలోని ఆశను, అతిశయాన్ని, పతనాన్ని ఆమె వైపునుండి చూడగలిగినవారు సుమతిని ఎవరి వైపునుండీ చూడకపోవడం సామర్థ్యలోపం కాజాలదు. ఆయన చూపు యంత్రాలపై ఉండిపోయింది.

యంత్రాన్ని ఎక్కడ ఉంచాలో తెలుగు చిత్రసీమకు తెలియనిది కాదు. 1957లో కె.వి. రెడ్డి తీసిన ‘మాయాబజార్’లో ప్రియదర్శిని అనే పేటిక ఉన్నది. తెరచినవారికి తమకు అత్యంత ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. ఈనాడు ప్రతివాని చేతిలో దూరపు ముఖాలు చూపే పరికరం ఉన్నది కనుక ఆ పేటికను భవిష్యద్దర్శనమని పొగడడం వాడుక అయింది. దాని గొప్పతనం అది కాదు. ఆ పేటిక పాత్రల రహస్యాన్ని బయటపెడుతుంది. ఎవరి హృదయం ఎక్కడున్నదో సభలో చెప్పకనే చెబుతుంది. యంత్రం మనస్సుకు అద్దమైతేనే కథలో దానికి చోటు.

కె.వి. రెడ్డి వద్ద పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1991లో ‘ఆదిత్య 369’ తీశారు. వెల్స్ 1895 నవల ‘టైమ్ మెషిన్’ వారికి ప్రేరణ. అంటే ఇదీ గ్రహించినదే. కాని సింగీతం కాలయంత్రాన్ని తెలుగువాని కోరిక ఎటు పోతుందో అటే పంపారు, శ్రీకృష్ణదేవరాయల సభకు. అక్కడినుండి 2504వ సంవత్సరానికి. మూడవ ప్రపంచయుద్ధం తరువాత అణుధూళి భయంతో జనం భూగర్భంలో తలదాచుకొన్నారని అక్కడ ఒక్క మాటలో కారణం చెబుతారు. ఆ ఒక్క మాటతో భవిష్యత్తు బొమ్మ కావడం మాని పర్యవసానమవుతుంది. ఆ యంత్రాన్ని చేసిన శాస్త్రజ్ఞుడు కథలో ఉన్నాడు. అతనికి ఇల్లు ఉన్నది, కూతురు ఉన్నది, మతిమరుపు ఉన్నది. జంధ్యాల సంభాషణలు, ఇళయరాజా సంగీతం ఆ యంత్రానికి మానవలోకపు గాలి తగిలించినవి. ‘కల్కి’ వ్యయంతో పోలిస్తే అది వేళ్లమీద లెక్కించదగిన సొమ్ముతో తీసిన చిత్రం. 2025లో దానిని మెరుగుపరచి తిరిగి ప్రదర్శించినప్పుడు ఆనాటి పెట్టెల కూర్పు, బల్బుల మెరుపు చూచి కుర్రవారు నవ్వి ఉండవచ్చు. కథను చూచి నవ్వలేదు. ‘కల్కి’కి సింగీతాన్ని మార్గదర్శకులుగా ప్రకటించారని తెలిసినవారికి ఈ పోలిక మరింత బాధ కలిగిస్తుంది.

జంషెడ్‌పూర్ ఉన్న రాష్ట్రంలోనే గిరిడీ ఉన్నది. సత్యజిత్ రాయ్ 1961లో ‘సందేశ్’ పత్రికలో ప్రొఫెసర్ శంకు కథలు మొదలుపెట్టినప్పుడు తన శాస్త్రజ్ఞునికి ఆ ఊరిలో, ఉస్రీ నది దగ్గర ఇల్లు ఇచ్చారు. శంకు తన ఆకాశనౌకకు కావలసిన ద్రవ్యాన్ని పుట్టగొడుగులు, పాము కుబుసం, తాబేటి గ్రుడ్డు పెంకులు కలిపి చేస్తాడు. ఇది హాస్యం. హాస్యమైనా ఇందులో ఒక నియమం ఉన్నది: ఏ వస్తువు దేనితో చేశాడో చెప్పనిదే రచయిత దానిని ఎగరనివ్వడు. చిన్నపిల్లల పత్రికలో పాటించిన నియమాన్ని వందల కోట్ల చిత్రాలు పాటించలేకపోతున్నవి. జంషెడ్‌పూర్‌లో జన్మించిన ప్రియాంకా చోప్రా నాయికగా 2008లో ‘లవ్ స్టోరీ 2050’ వచ్చింది. హ్యారీ బవేజా దర్శకత్వంలోని ఆ హిందీ చిత్రంలో కాలయంత్రం ఉన్నది, ఎగిరే వాహనాలున్నవి, భవిష్యత్తులోని ముంబయి ఉన్నది. ధనం పెట్టారు, చిత్రం పరాజయం పొందింది. అక్కడ పురాణం తోడు లేదు కనుక శూన్యం వెంటనే బయటపడింది. ‘కల్కి’లో పురాణం అడ్డుతెరగా నిలిచి శూన్యాన్ని కొంతవరకు కప్పింది.

ఆ అడ్డుతెర సంగతి కూడా చూడాలి. పురాణాన్నీ, విజ్ఞానాన్నీ ఒకచోట చేర్చడం తెలుగు రచయితలకు కొత్త కాదు. విశ్వనాథ సత్యనారాయణ ‘హాహాహూహూ’లో ఒక గంధర్వుడు లండన్ నగరం నడిబొడ్డున, ట్రఫాల్గర్ స్క్వేర్‌లో వచ్చిపడతాడు. అక్కడి శాస్త్రజ్ఞులు అతనిని బోనులో పెట్టి పరీక్షిస్తారు. విశ్వనాథ ఎవరి పక్షమో చదివినవారికి తెలియకపోదు. ఆ పక్షాన్ని అంగీకరించనివారికి కూడా ఆ చిన్న నవల రుచిస్తుంది. ఎందుకంటే అందులో పురాణం విజ్ఞానాన్ని ప్రశ్నిస్తుంది, విజ్ఞానం పురాణాన్ని ప్రశ్నిస్తుంది. నీకు తెలిసినదానిని ఎట్లా తెలుసుకొన్నావని ఒకదానినొకటి నిలదీస్తవి. ‘కల్కి’లో ఈ నిలదీత లేదు. అశ్వత్థామ ఆరువేల సంవత్సరాలు ఎట్లా జీవించాడని ఏ శాస్త్రజ్ఞుడూ ఆశ్చర్యపడడు. ఆయుష్షుకొరకే ఇంత హింస చేస్తున్న యాస్కిన్‌కు, చావులేనివాడొకడు భూమిమీద తిరుగుతున్నాడన్న సంగతి అన్నిటికంటె ముఖ్యం కావలసినది. ఇద్దరూ ఎదురుపడి ఉంటే! ఒకడు చావును శాపవిమోచనంగా ఎదురుచూచేవాడు, మరొకడు చావునుండి పారిపోయేవాడు. ఆ సంభాషణ వ్రాయడానికి సాయిమాధవ్ బుర్రా వంటి మాటకారి అక్కడే ఉన్నారు. కమల్ హాసన్ వంటి నటుడు కొద్ది నిమిషాలు మాత్రమే కనిపించి, చివరకు ఒక్క చుక్క ద్రవ్యంతో దేహం తెచ్చుకొని, గాండీవం ఎత్తుతాడు. గాండీవం ఎత్తడం సభను ఆకట్టుకొనే ఘట్టమే. భైరవునిలో కర్ణుడు మేల్కొనడమూ అంతే. ఇవి తెలిసిన పేర్లకు పడిన చప్పట్లు. వ్యాసుడు సంపాదించిపెట్టిన ఆస్తిలోనుండి తీసి ఖర్చుపెట్టినవి.

ఇంతవరకు తప్పంతా చిత్రపరిశ్రమదే అన్నట్లు వ్రాస్తే అది సత్యం కాదు. దర్శకుడు కథకొరకు చేయి చాచినప్పుడు తెలుగు సాహిత్యపు అటకపై ఏమి దొరుకుతుంది? పురాణాలు దొరుకుతవి, చారిత్రక నవలలు దొరుకుతవి, రైతుకథలు కోకొల్లలుగా దొరుకుతవి. యంత్రంతో కాపురం చేసిన తెలుగువాని కథలు ఎన్ని ఉన్నవి? జంషెడ్‌పూర్‌లోను, ఖరగ్‌పూర్ రైల్వే కర్మశాలల చుట్టూను, భిలాయిలోను తెలుగు కుటుంబాలు తరాల తరబడి బ్రతికినవి. మూడవ తరంవారు ఇంట తెలుగు మాట్లాడి, బయట హిందీలో సాగి, లిపి మరచి ఉంటారు. నాగలి పట్టిన చేయి కొలిమి పట్టుకారు పట్టిననాడు ఆ మనిషి కాలభావన ఎట్లా మారిందో, సూర్యునికి బదులు కూతగొట్టం ప్రొద్దును పలికిననాడు అతని నిద్ర ఏమైందో, తాను చేసిన పార తాను విడిచివచ్చిన ఊరిలోనే అమ్ముడుపోయిందని తెలిసినవేళ ఏమనుకొన్నాడో వ్రాసినవారు తక్కువ. భవిష్యత్తును ఊహించే శక్తి ఆకాశంనుండి రాదు; ఇటువంటి అనుభవాన్ని ఇంతకుముందు ఎవరో వ్రాసి పెట్టి ఉంటే వస్తుంది. వెల్స్‌కు ముందు డికెన్స్ ఉన్నారు. ఫ్రిట్జ్ లాంగ్‌కు ముందు కర్మాగారాలను వర్ణించిన ఐరోపా నవల అంతా ఉన్నది. తెలుగు దర్శకునికి వెనుక ఆ మధ్యమెట్టు బలహీనంగా ఉన్నది. అందువలన అతడు ఒక్క గంతులో ద్వాపరంనుండి 2898కి దూకవలసివస్తున్నది. నడుమ దిగడానికి చోటు లేదు.

చోటు లేదనడం కూడా పూర్తిగా నిజం కాదేమో. ‘కల్కి’ విడుదలకు ముందటి సంవత్సరం, 2023 జూలై 14న, శ్రీహరికోటలోని రెండవ ప్రయోగవేదికనుండి చంద్రయాన్-3 బయలుదేరి, ఆగస్టు 23న చంద్రునిపై దిగింది. దానికి అంచనావేసిన వ్యయం 615 కోట్లు. అంటే ఇంచుమించు ఈ చిత్రానికి చెప్పుకొన్నంతే. ఆ రెండవ వేదికకు కావలసిన భారీ యంత్రసామగ్రిలో కొంత, జంషెడ్‌పూర్‌కు నూటపాతిక కిలోమీటర్లు దాటినంత దూరంలో ఉన్న రాంచీలో, హెవీ ఇంజనీరింగ్ కార్పొరేషన్‌లో పూర్వం తయారైనదే. 2023లో ఆ కర్మాగారపు ఉద్యోగులు నెలల తరబడి జీతాలు అందలేదని ఆందోళన చేస్తూ ఉన్నారు. చంద్రయానానికి ప్రత్యేకంగా వారు చేసినదేమీ లేదని ప్రభుత్వపక్షంనుండి సమాధానం వచ్చింది. రాకెట్ లేచిన వేదిక తెలుగుగడ్డపై ఉన్నది. దాని ఇనుము ఝార్ఖండ్ చేతులది. జీతం లేని ఇంటిలో ఆ సాయంకాలం దూరదర్శన్‌లో చంద్రుని నేలను చూచిన కార్మికుని ముఖంలో గర్వం, ఉక్రోషం ఏ పాళ్లలో కలిసి ఉన్నవో ఊహించడానికి గణనయంత్రాలు అక్కరలేదు. ఇందులో కాంప్లెక్స్ ఉన్నది, కాశి ఉన్నది, యూనిట్లున్నవి. వీటితో వైజ్ఞానిక కల్పన వ్రాయబూనినవానికి ఒక కుర్చీ, కొన్ని కాగితాలు చాలును.

‘కల్కి’కి రెండవ భాగం ఉంటుందని మొదటి భాగం ముగింపే తెలిపింది. 2025 సెప్టెంబరులో నిర్మాణసంస్థ ఆ భాగంలో దీపికా పదుకొనే ఉండరని ప్రకటించింది. కనుక సుమతి పాత్రకు మరొక ముఖాన్ని వెదకవలసి ఉంటుంది. ముఖం మారినా పాత్రకు మాటలు వస్తే మేలే. కథలో శిశువు ఇంకా జన్మించలేదు. భైరవుడు, అశ్వత్థామ, యాస్కిన్ ముగ్గురూ ఆ శిశువుకొరకు యుద్ధసన్నద్ధులై ఉన్నారు. పురిటివేళకు మంత్రసాని ఎవరో శంభలలో ఇంతవరకు ఎవరూ అడిగినట్లు లేదు.